ఒక్క బస్సుకు సరిపోయే ఇంటిపేరు

ఈ సంగతి ఎందుకు రాసిపెట్టాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

పోయిన నెలలో దొర చనిపోయాడు. ఇంగ్లండులో, తను పుట్టిన లోయలో, తన ఇంట్లో, నిద్రలో. సౌదీలో రాబిగ్ అనే ఊళ్ళో ఆయన దగ్గర పనిచేసిన పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో వార్త పడగానే జోడించిన చేతులు, కొవ్వొత్తులు, పువ్వులు వరసకట్టాయి. 'వాట్ ఎ సెన్సాఫ్ హ్యూమర్' అని ఒకరు రాశారు. మిగతావాళ్ళు అదే మాటను కాపీ చేసి పెట్టారు. మధ్యలో ఎవరో ఆయన ఊరి పత్రిక ముక్క కూడా పంపారు. ఆ లోయలో ఆ ఇంటిపేరున్న ఆఖరి మనిషి ఆయనేనట. జన్మంతా ఆ పేరు చరిత్రను వెతికి పోగుచేశాడట.

అది నిజమే. ఆ పోగు నేను చూశాను. అయితే ఆయన పోగుచేసిన ఇంకో ఇంటిపేరు ఉంది. దాని గురించి గ్రూపులో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఇది.

ఆయన ఇంటిపేరు మాత్రం ఇక్కడ రాయను. మన రావులు, రెడ్లు లాంటిది కాదది, రాసినా ఎవరో తెలియకుండా ఉండటానికి. "మా పేరున్నవాళ్ళందర్నీ పోగుచేస్తే మీ కూలీల బస్సు ఒక్కటి చాలు. వెనక సీట్లు ఖాళీగా ఉంటాయి కూడా" అనేవాడు. పేరు రాస్తే ఆ బస్సులో ఉన్న ప్రతి మనిషినీ వేలెత్తి చూపినట్టే. మేమందరం వెనకాల ఆయన్ని దొర అనేవాళ్ళం. ఆ మాట చాలు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. పుస్తకాలు ఆగలేదు. అనకాపల్లి దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను చదవని పుస్తకం ఏదైనా ఉంటే అది చెదలు ముందే చదివేసినది. రాబిగ్‌లో పెట్రోకెమికల్ ప్లాంటుకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాను. డ్రాయింగులు, పర్మిట్లు ఎవరికి ఏది చేరాలో చూసే పని. దొర రిగ్గింగ్ సూపరింటెండెంటు. క్రేన్లతో బరువులెత్తే పనంతా ఆయన కనుసన్నల్లో ఉండేది. ఆయన కాబిన్‌లోనే ఒక మూల నా బల్ల.

ఆ కాబిన్ గోడ మీద ఇంగ్లండు పటం ఉండేది. ఉత్తరాన ఒక లోయలో గుండుసూదులు గుంపుగా, అక్కణ్ణుంచి తూర్పున రేవు పట్నానికి నాలుగైదు, దక్షిణాన ఎక్కడో ఒంటరిగా ఒకటి. ఒక్కో సూది తన ఇంటిపేరున్న ఒక్కో ఇల్లు. కొత్తగా ఎవరొచ్చినా టీ చేతికిచ్చి ఆ సూదుల కథ చెప్పేవాడు. ఒక గట్టు మీద గొడ్లు కాసుకునేవాళ్ళకి ఆ గట్టు పేరే ఇంటిపేరైందట. చర్చిలో రాసుకునే పాదిరీ ఒక్కో పెళ్ళికి ఒక్కో రకంగా రాశాడట. నూలు మిల్లులు వచ్చాక గట్టు దిగారు. ఓడల్లో బొగ్గు మోయడానికి ఒకడు రేవుకి పోయాడు. అక్కడ పేరులో ఒక అక్షరం ఎక్కువ చేరింది. "ఆ ఒక్క అక్షరం కోసం మా తాత వాళ్ళతో మాట్లాడలేదు" అని గర్వంగా చెప్పేవాడు. పక్కనే సౌదీ పటం ఇంకోటి. దాని మీద, ఎర్రసముద్రం ఒడ్డున, ఒకే ఒక్క సూది. అది తను.

నారింజపండు తొక్కను ఒకే పట్టీగా, తెగకుండా ఒలిచేవాడు. తెగితే పండు తినేవాడు కాదు, పక్కనున్నవాడికి ఇచ్చేసేవాడు. పెన్సిలును జేబుకత్తితో చెక్కేవాడు. ఆ పెన్సిలుతోనే ఎదుటివాడి గుండె మీదున్న బ్యాడ్జీని తట్టి, పేరు పైకి చదివి, "దీనర్థం ఏమిటి?" అని అడిగేవాడు. అది ఆయన పలకరింపు. గేటు దగ్గర, క్రేను కింద, అంబులెన్సు పక్కన, ఎక్కడైనా సరే.

ఇక్కడ మన గొడవ ఒకటి చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళకి ఇంటిపేరు చివర. మనకి ముందు. మన పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే బ్యాడ్జీ మీద అచ్చేస్తారు కాబట్టి, మొదటి మాటే మనిషి పేరనుకుని అందరూ దానితోనే పిలుస్తారు. సొంత పేరు పెట్టి పిలుస్తున్నామని వాళ్ళు మురిసిపోతుంటారు. ఇటు మనవాడికి ఇంటిపేరు పెట్టి వంశాన్నంతా ఒక్కసారిగా కేకేసినట్టుంటుంది. దొరకి ఈ తేడా నేనే చెప్పాను. ఊరి పేర్లు, చెట్ల పేర్లు, పనుల పేర్లు, జంతువుల పేర్లు, మనకీ మీకూ ఇంటిపేర్లు పుట్టిన దారులు ఒకటేనని చెప్పాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని విన్నాడు. మర్నాడు విమానంలో ఇచ్చే పత్రికలోంచి ఆంధ్ర పటం కత్తిరించి గోడకి అంటించాడు. చింతల, తాటి, గొర్రెల, కుమ్మరి. సూదులు మొదలయ్యాయి.

పని తెలిసినవాడు, అందులో అనుమానం లేదు. కళ్ళు మూసుకుని ఏ క్రేను ఇంజను మూలుగుతోందో చెప్పేవాడు. ఎత్తిన బరువు కింద నుంచి అడ్డంగా నడిచిన సాటి ఇంగ్లీషువాణ్ణి, వాడు మేనేజరయినా, అందరి ముందూ తిట్టి సైటు బయటికి పంపాడు. ఆయన ఉన్నంతకాలం మా రిగ్గింగులో ఎవరికీ చిటికెనవేలు నలగలేదు. మనుషుల్ని బరువుల కింద నలగనివ్వలేదు. మిగతా సమయంలో వాళ్ళతో ఆడుకున్నాడు.

అక్కడే నూకరాజు ఉండేవాడు. రిగ్గరు, అంటే క్రేనుకి బరువులు కట్టి ఎత్తించేవాడు. మా వైపువాడే. కసింకోట దగ్గర పల్లె. నన్ను 'మేస్టారూ' అని పిలిచేవాడు, నేను పుస్తకాలు చదువుతానని. చేతి సైగలతో క్రేను డ్రైవర్ని నడిపించడంలో అతని తర్వాతే ఎవరైనా. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ వస్తోంది. దానికి రిగ్గింగ్ ఫోర్‌మన్‌ని ఎంచాలి. నూకరాజుకే అని అందరూ అనుకుంటున్నారు. ఊళ్ళో భార్యకి చెప్పేశాడు కూడా. దొర మాటే ఆఖరు మాట.

నూకరాజు పూర్తి పేరు పందుల నూకరాజు. పాస్‌పోర్టులో ఇంగ్లీషులో ఉన్నంతవరకు అదొక శబ్దం మాత్రమే. అరబ్బీలో 'ప' లేదు. సౌదీవాళ్ళిచ్చే నివాస కార్డు, ఇకామా మీద అతను 'బందులా' అయ్యాడు. పంది పోయింది. అరబ్బీ అక్షరమాలలో లేని ఒక్క అక్షరం ఆ మనిషిని సౌదీలో ఏళ్ళ తరబడి కాపాడింది.

ప్లాంటు వైపునుంచి పర్మిట్లు ఇచ్చే పెద్దాయన అబూ సాలెం, రాబిగ్ మనిషే. ఆయనకి నూకరాజంటే ఇష్టం. మధ్యాహ్నం కబ్సా, అంటే మాంసం కలిపి వండిన అన్నం, పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని "యా బందులా, తఆల్, కుల్!" అని కేకేసేవాడు. రా, తిను అని. ఒకే పళ్ళెంలో ఇద్దరూ చెయ్యి పెట్టి తినేవాళ్ళు. "మా ఊర్లో నన్ను ఇలగ కూకోబెట్టుకుని తిన్నోడు లేడు మేస్టారూ" అని నూకరాజు ఒకసారి నాతో అన్నాడు. అంతకుమించి వివరించలేదు. నేనూ అడగలేదు. ఆ ఇంటిపేరు వినగానే మా వైపు ఎవరైనా ఏం లెక్కగడతారో నాకు తెలుసు.

ఒకరోజు దొర ఆ పళ్ళెం దగ్గరికే వచ్చాడు. నారింజ ఒలుచుకుంటూ. పెన్సిలు తీసి నూకరాజు బ్యాడ్జీ తట్టాడు.

"పందుల. ఇదింకా నా గోడ మీద లేదు. అర్థం ఏమిటి?"

"నేమ్ సార్. ఓన్లీ నేమ్."

"ప్రతి పేరుకీ అర్థం ఉంటుంది మిత్రమా."

నూకరాజు నావైపు చూశాడు. నేను డ్రాయింగు చుట్టలోకి తల దూర్చాను. పక్కనే మా ప్లానింగ్ ఇంజనీరు శ్రీకర్ ఉన్నాడు. విజయవాడ కుర్రాడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, దొర నవ్వితే ముందు నవ్వేవాడు.

"పిగ్స్ సార్!" అన్నాడు. "ఆఫ్ ద పిగ్స్! ప్లూరల్!"

దొర కళ్ళు వెలిగాయి. నారింజ తొక్క తెగింది. ఆయన గమనించలేదు.

అబూ సాలెం ముద్ద చేతిలో పట్టుకుని, "ఏష్ గాల్?" అని అడిగాడు. ఏమన్నాడని. దొరకి వచ్చిన అరబ్బీ మాటలు పట్టుమని ఇరవై ఉండవు. వాటిలో అదొకటి ఉంది.

"ఖనాజీర్" అన్నాడు. పందులని. బహువచనం కూడా సరిగ్గానే వేశాడు.

అబూ సాలెం చెయ్యి పళ్ళెం మీద ఆగింది. ఒక్క క్షణమే. "అస్తగ్‌ఫిరుల్లా" అని, దేవుడా క్షమించమని మెల్లగా అనుకుని, నవ్వి, మంచి మాంసం ముక్క ఒకటి ఏరి నూకరాజు వైపు తోశాడు. "కుల్, కుల్. పేరు తండ్రి ఇస్తాడు. మా ఫీ ముష్కిలా."

ఫరవాలేదని. నిజంగానే ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. మర్నాడూ అలాగే పిలిచాడు. ఆ తర్వాతి రోజూ పిలిచాడు. నూకరాజే వెళ్ళలేదు. కంటైనర్ల వెనక టిఫిన్ డబ్బా విప్పుకుని ఒక్కడే తిన్నాడు. "ఆయన మంచోడే మేస్టారూ. ఆ సెయ్యి ఆగింది గదా, అది నాను సూసీసినాను."

మిగతావాళ్ళు అంత మర్యాదస్థులు కారు. బస్సులో అతను ఎక్కగానే ముక్కులు మూసుకోవడం, "సువ్వర్ సాబ్, ఇధర్ ఆయియే" అని సీటు దులపడం. మన తెలుగువాళ్ళు ఇంకో మెట్టు పైకెక్కారు. "ఏరా, ఊళ్ళో మందనెవడు కాస్తున్నాడ్రా?" అనేవాడు ఒకడు. "వీడు ఫోర్‌మనయితే మనకి బురద అలవెన్సు ఇస్తార్రోయ్" అనేవాడు ఇంకొకడు. నూకరాజు కిటికీలోంచి రిఫైనరీ మంటల్ని చూస్తూ కూర్చునేవాడు.

మా కాంపౌండులో విశ్రాంతి గది ఉంది. వెళ్ళిపోయిన తెల్లవాళ్ళు వదిలేసిన పుస్తకాలు అందులో ఒక అల్మరాలో ఉండేవి. వాటిలో ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువు ఒకటి, ఇటుకంత లావుది, నాకంట పడింది. దొర ఇంటిపేరు అందులో ఉంది. అరుదైనదని గుర్తు వేసి ఉంది. ఆ పేరు రెండు పాత మాటల అతుకు. రెండో సగానికి గట్టు అని అర్థం. దొర అందరికీ చెప్పేది అదే. మొదటి సగం ఎప్పుడూ చెప్పలేదు. ఆ మొదటి సగానికి పాత ఇంగ్లీషులో అర్థం పంది.

పందుల గట్టు. గట్టు మీద వాళ్ళ తాతముత్తాతలు కాసిన గొడ్లు ఏవో అప్పుడర్థమైంది.

మర్నాడు టీ వేళకి అందరూ కాబిన్‌లోనే ఉన్నారు. అబూ సాలెం పర్మిట్ల మీద సంతకాలు పెడుతున్నాడు. శ్రీకర్ ఉన్నాడు. నూకరాజు గుమ్మం దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. నేను లేచి అడిగాను.

"సార్, మీ పేరులో గట్టు ఉందన్నారు. ముందు సగం సంగతి ఎప్పుడూ చెప్పలేదు."

దొర పెన్సిలు చెక్కడం ఆపాడు. "చదివావన్నమాట" అన్నాడు.

"పంది సార్."

నేను చదివిన పుస్తకాలన్నిటికీ ఆ నిమిషంలో ఫలితం దక్కిందనుకున్నాను.

దొర నవ్వాడు. తల వెనక్కి వేసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఎన్నేళ్ళకి! ఆ మొదటి సగం అడిగిన మొదటి మనిషివి నువ్వే!" అని బల్ల మీదున్న కాబిన్ తాళంచెవి తీసి పైకెత్తాడు. దానికి ఇత్తడి బొమ్మ ఒకటి వేలాడుతుండేది. అదేదో ఎలుగుబంటి అనుకునేవాళ్ళం. అందరం రోజూ పట్టుకున్నదే. అబూ సాలెం కూడా ఎన్నోసార్లు ఆ తాళంతోనే తలుపు తీసుకున్నాడు. దొర దాన్ని వెలుతురులో తిప్పి కోరలు చూపించాడు.

"మా తాతది. మా ఇంట్లో కప్పుల మీద ఇదే, గుమ్మం మీద ఇదే. మా చెల్లెలి పెళ్ళి కేకు మీదా ఇదే."

అబూ సాలెం బొమ్మను వేలితో పట్టుకుని చూసి, వదిలేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, తనూ నవ్వేశాడు. శ్రీకర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "సో నైస్ సార్, సో హిస్టారికల్!" ఒకే జంతువు. ఒకరి ఇంట్లో కేకు మీదికెక్కింది. ఇంకొకరిని కంటైనర్ల వెనకాలకి తోసింది. ఏ నిఘంటువులోనూ ఈ తేడాకి అర్థం లేదు. నేను తర్వాత చాలా వెతికాను.

దొర లేచి గుమ్మం దాకా వెళ్ళి నూకరాజు భుజం మీద చెయ్యి వేశాడు. "కజిన్!" అన్నాడు. "ఇన్నాళ్ళూ మనం బంధువులమని తెలియలేదు!"

ఆ రోజు నుంచి అదే పిలుపు. వాకీటాకీలో కూడా. "కజిన్, మూడో నంబరు క్రేను దగ్గరికి రా." పైన క్రేనులో కూర్చునే పఠాను డ్రైవరు షేర్ జమాన్‌కి సంగతి తెలియక, "కౌన్ కజిన్?" అని అడిగాడు. "పందుల! మా గట్టు పందుల!" అని దొర జవాబు. ఆ చానెల్ ప్లాంటులో అందరి చెవుల్లోనూ ఉంటుంది. షేర్ జమాన్ ఆ తర్వాత ఎప్పుడూ అతన్ని "రాజూ భాయ్" అనే పిలిచాడు. సైటు మొత్తంలో ఆ పని చేసింది అతనొక్కడే.

షట్‌డౌన్ ముందు ఫోర్‌మన్ పేరు బయటికొచ్చింది. నూకరాజు కాదు. అతని దగ్గర పని నేర్చుకున్న ఇంకొకడు. నేను ఉండబట్టలేక దొరని అడిగాను.

"పనిలో కజినే మేలు" అని ఒప్పుకున్నాడు ఆయన. నారింజ తొక్క తెగకుండా చివరిదాకా వచ్చింది. దాన్ని బల్ల మీద పాములా చుట్టపెట్టాడు. "కానీ కుర్రాళ్ళు అతన్ని చూస్తే నవ్వు ఆపుకోలేకపోతున్నారు. నవ్వేవాడు తాడు వదిలేస్తాడు. తాడు వదిలితే మనిషి పోతాడు. జోకు వేరు, సేఫ్టీ వేరు."

ఆయన అబద్ధమాడలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

నూకరాజు పని మానేసి, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ షట్‌డౌన్ నాటికి వేరే కాంట్రాక్టరు కింద అదే గేటులోంచి లోపలికొచ్చాడు. కొత్త పాస్‌పోర్టు, కొత్త బ్యాడ్జీ. ఊళ్ళో ఇంటిపేరు మార్పించుకున్నాడు. కొత్తది ఎక్కణ్ణుంచో తెచ్చుకోలేదు. ఉన్న పేరునే రెండు ముక్కలు చేశాడు. ఇంటిపేరు నూక. పేరు రాజు.

మా వైపు తెలియనివాళ్ళకి చెప్పాలి. నూకరాజు అంటే నూకాలమ్మ పేరు. పుట్టినప్పుడు అమ్మవారి గుడిలో మొక్కుకుని పెట్టిన పేరు. పందిని వదిలించుకోవడానికి అమ్మవారిని నరుక్కున్నాడు.

దొర గేటు దగ్గరే చూశాడు. "కజిన్!" అని ఎదురొచ్చి, పెన్సిలు తీసి, ఆగిపోయాడు. బ్యాడ్జీ రెండుసార్లు చదివాడు. ఈసారి పెన్సిలు మెల్లగా తాకింది.

"నూక. దీనర్థం?"

"అమ్మోరి పేరు సార్. గాడెస్..." అని నూకరాజు మొదలుపెట్టాడు. శ్రీకర్ అందుకున్నాడు.

"బ్రోకెన్ రైస్ సార్! తవుడు కాదు గానీ, దానికి పైది!"

దొర ముఖం నిజంగా వాడిపోయింది. నటన కాదు. జీవితంలో ఆయన బాధపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"అయ్యో" అన్నాడు. "పందే బాగుండేది. పందికి చరిత్ర ఉంది."

కాబిన్‌కి వచ్చి, ఆంధ్ర పటం మీద కసింకోట దగ్గర పందుల పేరుకి తను గుచ్చిన సూదిని గోటితో పెరికాడు. "ఎక్స్‌టింక్ట్" అని, అంతరించిపోయిందని, రేకు డబ్బాలో పడేశాడు. టంగుమని మోగింది. ఆ మోతకి నేను తలెత్తలేదు.

మధ్యాహ్నం అబూ సాలెం పళ్ళెం పెట్టుకుని, "యా బందులా!" అని పాత పేరుతోనే కేకేశాడు. నూకరాజు బ్యాడ్జీ ఎత్తి చూపించాడు. ముసలాయన కళ్ళద్దాలు సవరించుకుని అరబ్బీలో చదివాడు. "నూకా" అన్నాడు. ఇంకోసారి అని చూసుకున్నాడు. నోటికి పట్టలేదు. "లా, లా. బందులా అహ్సన్" అన్నాడు. బందులానే బాగుందట.

"ఇద్దరికీ పాతదే కావాలంట మేస్టారూ" అన్నాడు నూకరాజు కంటైనర్ల వెనక డబ్బా విప్పుతూ. "నాకే అక్కర్లేదు."

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకి నమస్కారాలు చెప్పుకోవాలి. ఇంటిపేర్లు ఎలా పుడతాయో నాకు మొదట చూపించిన మా ఊరి గ్రంథపాలకురాలు సత్యవతి గారికి. నేను మర్చిపోయిన అరబ్బీ మాటల్ని ఫోనులో మళ్ళీ పలికించి సరిదిద్దిన అబూ సాలెం గారికి. ఆయన ఇప్పటికీ 'బందులా ఎలా ఉన్నాడు' అనే అడుగుతారు. వాకీటాకీలో వినబడింది వినబడినట్టు చెప్పిన షేర్ జమాన్‌కి.

నూకరాజుకి. ఇప్పుడతను సౌదీలోనే, జుబైల్లో ఉన్నాడు. రాసినదంతా ఫోనులో చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"దొర పేరు ఏసినారేటండి?"

వేయలేదన్నాను. ఉన్నది కొద్దిమంది, గుర్తుపట్టేస్తారని చెప్పాను.

"మరి నాది ఏసీసినారు."

తీసేస్తానన్నాను. అవతల క్రేను హారన్ మోగింది.

"ఒగ్గీయండి మేస్టారూ. ఆయన సచ్చిపోనాడు గదా. ఇంకెవుడు నవ్వుతాడు?"

చివరగా శ్రీకర్‌కి. ఇప్పుడు ఖోబర్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. తను అప్పట్లో చేసిన అనువాదాలు అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని చెప్పింది ఆయనే. ఈ చిత్తుప్రతి ముందుగా పంపింది కూడా ఆయనకే. చదివి వెంటనే జవాబిచ్చాడు. మాటలేమీ లేవు. గులాబీ రంగు పంది బొమ్మ ఒకటి, పక్కన నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు కారుతున్న మొహం.